సమాధి రాయంత మిఠాయి

"దూడ కాళ్లు ఉడికించి జిగురు తీయుట నీకు వచ్చునా, ఈదమ్మా?" అని దొరసానమ్మ అడిగినప్పుడు నేను మిషన్ బంగళా వంటింట్లో నేల తుడుస్తున్నాను. ఆమె తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నది, ప్రతి మాటకూ ముందు కాస్త ఆగుతుంది. నేను తడిగుడ్డ పిండి నోరు తెరిచేలోపే, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మా ఆయన జవాబిచ్చేశాడు. "ఎందుకు రాదమ్మా, వాళ్ల పుట్టింటి పనే గది."

పుట్టింటి పనట. పెళ్లయి పదకొండేళ్లు, ఆ పని పేరు ఆయన నోటి నుంచి మంచిగా రావడం ఇదే మొదలు. మా ఊరు రామన్నపేట దగ్గర. దొర గడీలో పెట్టెలు అతకాలన్నా, విరిగిన కుర్చీ కాలు నిలబెట్టాలన్నా కావలసిన సరేసు మా అమ్మ మైసమ్మే వెట్టికి వండి ఇచ్చేది. చచ్చిన పశువు కాళ్లూ తోలు ముక్కలూ పొద్దంతా ఉడికిస్తే దిగే జిగురే సరేసు. నేనూ నా చెల్లె బిక్షమ్మా ఆ కుండ చుట్టూ తిరుగుతూనే పెరిగాం. మా ఆయన ఇస్రాయేలు మాత్రం ఉపదేశి కొడుకు, తనూ గుడిలో ప్రసంగాలు చెప్పే ఉపదేశే, మిషన్ కాంపౌండులోనే పుట్టి పెరిగాడు. నేను కాపురానికి వచ్చిన వారానికి నా జడ ఎత్తి వాసన చూసి, "ఇంక పోలే. సున్నిపిండి పెట్టి మల్ల రుద్దుకో" అన్నాడు. రుద్దుకున్నాను. ఆ ఒక్క రోజు కాదు, ఆ ఏడంతా రుద్దుకున్నాను. ఇప్పుడు దొరసానమ్మకు అదే జిగురు కావలసి వచ్చేసరికి నా పుట్టిల్లు ఆయనకు గొప్పదైంది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

దొరసానమ్మ చిన్నప్పుడు ఈస్టరుకు వాళ్లమ్మ తెల్లటి మెత్తని మిఠాయి ఒకటి చేసేదట. దాన్ని మార్ష్‌మెల్లో అంటారట. బోర్డింగు పిల్లలు అది కళ్లచూడకముందే మల్లె మిఠాయి అని పేరు పెట్టేశారు. ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా సమాధుల తోటకు పోతుంది కదా, అక్కడ ప్రభువు సమాధి నుంచి దొర్లిన రాయంత మిఠాయి పెట్టాలని ఈసారి ఆమెకు తోచింది. తొంభై మంది పిల్లలు ముందు దాన్ని చూడాలి, తర్వాత దాన్నే కోసుకుని తినాలి. "చిన్నది వద్దు, ఈదమ్మా. ఒక బాలిక రెండు చేతులు చాచి కౌగిలించినను చేతులు కలియకూడదు" అని చేతులు బారజాపి చూపించింది. చక్కెర ఆమె నెలల తరబడి దాచి పెట్టింది. ఓడలో రావలసిన జిగురు పొడి డబ్బాలు మాత్రం రాలేదు. పోలీసు యాక్షన్ అయి ఏడు నెలలైనా పార్శిళ్లు ఇంకా దారిన పడలేదు. అందుకని జిగురుకు నేను, చిలకడానికీ నేను.

బంగళాలో బట్లరుకు జీతం ఉంది, తోటమాలికి ఉంది. నాకు లేదు. ఉపదేశి భార్య చేసేది సేవ అంటారు. ఒకసారి ఆ సంగతి ఎత్తితే మా ఆయన, "సేవకు కూలి అడుగుడేందే, దేవుడు చూస్తలేడా?" అన్నాడు. ఆయన తన సేవకు నెల నెలా జీతం తీసుకుంటాడు, అదీ దేవుడు చూస్తూనే ఉంటాడు. ఈ మాట నేను పైకి అనలేదు. పైకి అనని మాటలు నా దగ్గర అప్పటికే చాలా పోగుపడ్డాయి.

శుక్రవారం పొద్దున్నే కసాయి గంపెడు కాళ్లు పంపాడు. కాల్చి, గీకి, కడిగి, బంగళా వెనక మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద డేగిసాలో పెట్టాను. నీళ్లు తెర్లడం మొదలైంది, వాసన లేచింది. అమ్మయ్య, ఇంకా రాలేదు అనుకుంటూనే ఉన్నాను, ఆవిరిలోంచి చెయ్యి రానే వచ్చింది. మోచేతి కింద చిక్కుడుకాయంత కాలిన మచ్చ. గాజులు లేని చెయ్యి. "అక్కా, నురుగు తియ్యి, మసకబారుతది" అంది బిక్షమ్మ, ఎప్పుడూ అన్నట్టే. గరిటెతో నురుగు తీసి పారేశాను. పని ఆపలేదు. నాలుగు నెలలుగా నాకిది అలవాటే. అన్నం వార్చేటప్పుడు వస్తుంది, బట్టలు ఉడకబెట్టేటప్పుడు వస్తుంది, ఆవిరి లేస్తే చాలు. తిట్టదు, ఏడవదు, ఎందుకలా చేశావని అడగదు. అడిగితే బాగుండును అనిపిస్తుంది.

ఆ మచ్చ నా వల్ల పడిందే. నాకు తొమ్మిదేళ్లు, దానికి ఆరు. ఉడుకుతున్న కుండలోకి నేను ఎముక ఒకటి విసిరాను, చిట్లిన నీళ్లు దాని చేతి మీద పడ్డాయి. పొక్కులు పొక్కి చేయి వాచిపోతే అమ్మ కర్ర పట్టుకుని, "ఎవరే చేసింది?" అని అడిగింది. అది నా వైపు చూడనైనా చూడకుండా, "నేనే ఒలకవోసుకున్ననే" అంది. ఆరేళ్ల పిల్ల. నొప్పికి పళ్లు గిట్టకరచుకుని ఆ ఒక్క మాటే పట్టుకుంది. తర్వాత నేను మిషన్ బోర్డింగుకు వచ్చి నాలుగు తరగతులు చదివాను. అది అమ్మతోనే ఉండిపోయింది. గడీ వెట్టి ఇక చేసేది లేదని ఊరంతా ఎదురు తిరిగిన ఏడు అది ఎర్రజెండా సంఘంలో చేరింది. ఆ తర్వాత దళంలోకి పోయింది. ఒకసారి బంగళా వెనక బావి దగ్గరికి వచ్చి నన్ను చూసి పోయింది. భుజాన తుపాకి, నెత్తిన ఎర్రగుడ్డ. "మీ దొరసానికి ఎంత చేసినా గంతేనే అక్కా, గడీ మారింది గని గంప మారలే" అని నవ్వింది. నేను కోపగించుకుని రొట్టెలు కట్టిచ్చాను.

క్రిస్మసుకు పది రోజులుందనగా మిలిటరీ లారీ వచ్చి మిషన్ దవాఖాన ముందు ఆగింది. అడవిలో కాల్పులు జరిగాయని, నలుగురిని తెచ్చామని చెప్పి, శవాలను నేల మీద పడుకోబెట్టి గోనెసంచులు కప్పారు. చుట్టుపక్కల ఉన్నవాళ్లందరినీ పిలిచి వరుసగా నడిపించారు. గుర్తుపట్టినవాళ్లు చెప్పాలి. చెప్పినవాళ్ల పేర్లు ఒక జమేదారు రాసుకుంటున్నాడు, రాసుకున్నవాళ్లను పక్కన కూచోబెడుతున్నాడు. మూడో సంచి కింద నుంచి ఒక చెయ్యి బయటికి ఉంది. నేను ముఖం చూడలేదు, చూడనక్కర లేకపోయింది. నా అడుగు ఆగింది. జమేదారు తలెత్తాడు. "ఎవరిది?" అని సైగ చేశాడు. మా ఆయన నా మణికట్టు పట్టుకుని, "సాబ్, మా మనిషి కాదు. మేం మిషనోళ్లం" అన్నాడు. జమేదారు ఆయన్ని వదిలి నా ముఖంలోకే చూశాడు. మణికట్టు మీద వేళ్లు బిగిశాయి. నేను "తెల్వదు" అన్నాను.

ఆయన అనిపించాడని చెప్పుకోవచ్చు. మొదటి రెండు నెలలు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కానీ మాట వచ్చింది నా నోట్లోంచే. జమేదారు చిట్టీ మీద ఏదో రాసి సంచికి గుచ్చాడు. అది ఉర్దూలో లావారిస్ అని కాంపౌండరు నెమ్మదిగా చెప్పాడు, వెనకా ముందూ ఎవరూ లేనిది అని. గుట్ట వెనక రాళ్లు కొట్టే చోట గుంత తీసి నలుగురినీ కలిపి పూడ్చేశారు. ఇంటికి వచ్చాక మా ఆయన నీళ్ల చెంబు నా చేతికిచ్చి, "మంచి పని చేసినవ్. ఇల్లు నిలబెట్టినవ్" అన్నాడు. పదకొండేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే.

ఊళ్లో అమ్మకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. పేరు తెలియని శవం వార్త ఊరికి ఎలా పోతుంది? చెప్పవలసినదాన్ని నేనే. నేను చెప్పలేదు. చెబితే ఎక్కడ చూశావంటుంది, చూసి ఏం చేశావంటుంది.

శుక్రవారం మధ్యాహ్నం కాళ్లు ఇంకా ఉడుకుతుండగా గుడిలో ఆరాధన మొదలైంది. పొయ్యి దగ్గర్నుంచి నేను లేవడానికి లేదు, మా ఆయన ప్రసంగం కిటికీలోంచి వినిపిస్తోంది. చలిమంట దగ్గర కూచుని, కోడి కూసేలోపే ప్రభువెవరో నేనెరగనని బొంకిన శిష్యుని సంగతి చెబుతున్నాడు. గొంతు బాగుంటుంది ఆయనది, ఆడవాళ్లు కళ్లు ఒత్తుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. "కోడి కూసినంక ఏడిస్తే ఏం లాభం?" అన్నాడు. నాకు గరిటె విసిరికొట్టాలనిపించింది. ఆయన మీదకో నా మీదకో తెలియలేదు. జిగురును గుడ్డలో వడగట్టి, గుడ్డు పెంకులు వేసి తేర్చి, ఇలాచీ దంచి కలిపాను. వాసన పోయింది. బిక్షమ్మ పోలేదు.

శనివారం పొద్దున మా ఆయన పేర్ల పుస్తకం ముందు వేసుకుని కూచున్నాడు. మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఆ ఏడాదిలో చనిపోయినవాళ్ల పేర్లు ఈస్టరు తెల్లవారుజామున సమాధుల మధ్య ఉపదేశి చదువుతాడు. పేరు చదివాక ఆ ఇంటివాళ్లు "మా మనిషి" అని పైకి చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే ఉపదేశి ఆగుతాడు, చెప్పిందాకా తర్వాతి పేరుకు పోడు. ముసలివాళ్లు చచ్చిపోయేముందు, నా పేరుకు పలికేదెవరు అని అడిగి మరీ పోతారు. ఆయన పదకొండు పేర్లు రాసి కలం మూత పెట్టాడు.

"చెల్లె పేరు?" అన్నాను.

ఆయన కిటికీ వైపు చూసి గొంతు తగ్గించాడు. "మతి ఉన్నదా నీకు? తోటకు ఇద్దరు జవాన్లు వస్తున్నరు, జనం జమ అయ్యేకాడ ఉండాల్నని హుకుం."

"బాప్తిస్మం తీసుకున్న పిల్లనే గద. ఇద్దరం ఒక్కనాడే, ఒక్క బాయిలనే మునిగినం."

"ముంచింది మా నాయినే, నాకెరుక లేదా? చదివితే రేపటికి నా నౌకరి ఉండది, ఈ ఇల్లుండది. ఠాణాకు నిన్నే కొంచవోతరు, నువ్వే తెల్వదంటివి గద. నిన్ను బతికించుకునేతందుకు చేసిన నేను. నా మీద కోపం పెట్టుకుంటే పెట్టుకో."

ఆయన పుస్తకం మూసి ఒళ్లో దాచుకున్నాడు. అబద్ధం కాదు ఆయన భయం. రజాకార్ల రోజుల్లో ఆయన అన్నను చింతచెట్టుకు కట్టేసి కొట్టడం కళ్లారా చూసిన మనిషి. ఆయన మీద నాకు జాలి కలిగింది. జాలి కలిగినందుకు ఇంకా కోపం వచ్చింది.

మధ్యాహ్నానికి అమ్మ వచ్చింది. ఏటా ఈస్టరుకు వస్తుంది, ఊరి నుంచి నడిచే వస్తుంది. నెత్తి మీద మూటలో జొన్నరొట్టెలు, వేరే గుడ్డలో విడిగా కట్టిన రెండు రొట్టెలు. ఆ రెండు ఎవరివో నాకు తెలుసు. "చిన్నది దేవరకొండ దిక్కు ఉన్నదట బిడ్డా. మన బీరమ్మ మరిది చూసిండట" అంది కాళ్లు కడుక్కుంటూ. "బక్కగైందట. గీడికొస్తే రొట్టెలియ్యి. నేనైతే తలుపు గడియ పెడ్తలేను."

చిలకవలసిన పని ఎదురుగా ఉంది. చక్కెర పాకం, జిగురు, గుడ్ల తెల్లసొన అన్నీ గంగాళంలో పోసి, వరండా గుంజకు పెద్ద కవ్వం కట్టి, తాడు చుట్టాను. తాడు చెరో కొస ఇద్దరు లాగాలి. వేడి దిగేదాకా ఆపకుండా చిలికితేనే అది తెల్లగా పొంగుతుంది, మధ్యలో ఆపామా, అడుగున జిగురు గడ్డకట్టి అంతా పాడవుతుంది. దొరసానమ్మ ఒక కొస కాసేపు లాగి అరచేతులు ఎర్రబడి వదిలేసింది. "నేను పట్టుకుంట తియ్యి" అని అమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. ముసలిదైనా దాని చేతుల్లో చేవ ఉంది, ఏళ్ల తరబడి సరేసు కుండ కలిపిన చేతులు.

నేను లాగితే దాని చేయి ముందుకు వస్తుంది, అది లాగితే నా చేయి పోతుంది. ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా ఉన్నాయి. గంగాళంలో మసక రంగు పోయి తెలుపు పుడుతోంది. దాన్ని చూసి అమ్మ పిల్లలా మురిసిపోయింది. "అబ్బ, వెన్నలెక్కనే అయితాంది గదనే బిడ్డా. మన సరేసే గద ఇది, చూడు ఎట్ల మారిందో. చిన్నదానికో ముక్క దాచు. అడివిల తీపి ఎవలు పెడ్తరు దానికి."

ఆవిరి ఇంకా పోలేదు. ఆ ఆవిరిలో, అమ్మ భుజం పక్కన, మచ్చ ఉన్న చెయ్యి తాడు మీదికి వచ్చింది. అమ్మ చేయి మీద చేయి వేసి తనూ లాగుతోంది. ఇక నా వల్ల కాలేదు.

"అమ్మా, చిన్నది లేదు" అన్నాను.

తాడు నా వైపు వచ్చింది, మళ్లీ అటు పోయింది.

"క్రిస్మసుకు ముందే పోయింది. కాల్చిండ్రు. ఈడికే తెచ్చిండ్రు, దవాఖాన ముంగటికి."

అమ్మ చేతులు ఆగలేదు. కళ్లు మాత్రం నా మీద నుంచి కవ్వం మీదికి దిగాయి. "కాలవెట్టిండ్రా, బొందవెట్టిండ్రా?" అంది.

"బొందవెట్టిండ్రు. గుట్టెనక."

"పైన ఏం కప్పిండ్రు?"

"గోనెసంచి."

"నువ్వు చూసినవా?"

"చెయ్యి చూసిన. మచ్చ చూసిన."

"చూసి?"

ఇదే ఆ ప్రశ్న. నాలుగు నెలలు నేను ఊరికి పోకుండా తప్పించుకున్న ప్రశ్న ఇదే. "ఎవరిదని అడిగిండ్రు. తెల్వదన్న" అన్నాను. ఏడుపు వచ్చింది. తాడు పట్టిన చేతులు జారాయి.

"ఆపకు. గడ్డకడ్తది" అంది అమ్మ.

లాగాను. ఇద్దరం లాగాం. ఎండ వరండా అంచు దాటేదాకా లాగాం. ఆ తెల్లది పొంగి పొంగి గంగాళం నిండా లేచింది. నెయ్యి రాసి పిండి చల్లిన ఇంకో గంగాళంలోకి దాన్ని దించాం. తడి గోనెసంచులు చుట్టి బావి మెట్ల దాకా మోసి చల్లటి నీళ్ల పక్కన దింపాం. ఆ గోనెసంచులను అమ్మ తన చేత్తోనే సర్ది, ఒకసారి అలా నిమిరింది. చీకటి పడ్డాక వరండాలో గోడ వైపు తిరిగి పడుకుని ఒకే ఒక్క మాట అడిగింది. "రేపు పేరు చదువుతరా?" బిడ్డా అని అనలేదు. వచ్చిన దగ్గర్నుంచి మాట మాటకూ అన్న ఆ మాట ఇప్పుడు లేదు.

తెల్లవారకముందే లేచి గంగాళాన్ని తోటకు మోయించాం. దొరసానమ్మ తెల్ల దుప్పటి పరిచింది, దాని మీద బోర్లించాం. గంగాళం ఎత్తగానే అది నిలబడింది, తెల్లగా, నిండుగా, నిజంగా రాయే. పిల్లలు నోళ్లు తెరిచారు. దొరసానమ్మ నా భుజం తట్టి, "ఎంత చక్కగా చేసితివి" అని అందరికీ వినబడేట్టు, "మన ఇస్రాయేలు గారి సహాయముతో" అని కలిపింది. ఆయన తల వంచి ఆ మెప్పు పుచ్చుకున్నాడు. ఎండ ఎక్కితే అది కరిగిపోతుంది, తొందరగా కానివ్వాలని అందరికీ తెలుసు.

ఆయన పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. సున్నం వేసిన సమాధుల పక్కన కొవ్వొత్తులు పట్టుకుని జనం నిలబడ్డారు. ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క మూల నుంచి "మా మనిషి" అని వస్తోంది. ఏడాది నిండని పసిగుడ్డు పేరుకు కూడా ఎవరో పలికారు. తోట వాకిలి ఫాటక్ దగ్గర ఇద్దరు జవాన్లు బీడీలు తాగుతున్నారు. అమ్మ నా పక్కన నిలబడ్డది, చేతిలో ఆ రెండు రొట్టెల మూట ఉంది. అమ్మ నా వైపు చూడలేదు. ఇల్లు పోతుంది అనుకున్నాను. ఆయన నౌకరి పోతుంది. నన్ను ఠాణాకు తీసుకుపోతారు, నాలుగు నెలల కింద ఎందుకు దాచావంటారు. అన్నీ అనుకున్నాను, ఏదీ చిన్నది కాదు. పదకొండో పేరుకు జవాబు వచ్చింది. ఆయన పుస్తకం మూశాడు.

"ఇంకో పేరున్నది" అన్నాను.

ఆయన గబగబా రెండడుగులు వేసి నా మణికట్టు పట్టుకున్నాడు. "ఈదమ్మా" అన్నాడు చాలా మెల్లగా. బెదిరింపు కాదు, బతిమాలడం. నేను చేయి విడిపించుకున్నాను.

"బిక్షమ్మ" అన్నాను గట్టిగా.

ఎవరూ పలకలేదు. పలికేదాకా ముందుకు పోవడానికి లేదు, అది మా ఆచారం, ఆయనకూ తెలుసు, సంఘానికీ తెలుసు. దొరసానమ్మ మా ముఖాలు మార్చి మార్చి చూస్తూ, "ఎవరామె?" అంది. ఫాటక్ దగ్గర ఒక జవాను బీడీ పారేసి ఇటు నడవడం మొదలుపెట్టాడు.

"మా మనిషి" అన్నాను. "నా చెల్లె. క్రిస్మసుకు ముందు దవాఖాన ముంగట పండవెట్టింది దాన్నే. ఆనాడు తెల్వదన్న. తెలిసే అన్న."

అమ్మ కదిలింది. దుప్పటి అంచున పెట్టిన కత్తి తీసింది. రాయంత మిఠాయి ముందు గొంతుక్కూచుని, రొట్టెల మూట విప్పి నేల మీద పరిచి, కత్తి పిడి నా వైపు చాపింది.

"మొదటి ముక్క చిన్నదానిది" అంది. "కొయ్యి బిడ్డా. ఎండెక్కుతాంది."